న్యూట్రల్ పోయి ఆంప్లిఫైయర్ కాలింది, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే అదీ పది నిమిషాల్లో మాడింది. ఎందుకు?

కోనసీమ_కుర్రాడు · శుక్రవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పోయిన ఆదివారం సాయంత్రం గాలివానకి కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. వచ్చీ రావడంతోనే హాల్లో లైటు కళ్ళు చెదిరేలా వెలిగింది, ఫ్యాను ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది. వెనకింటి వాళ్ళకేమో లైట్లు గుడ్డిగా వెలిగాయట. నేను మెయిన్ ఆపడానికి పరిగెత్తేలోపే నాన్నగారి ఆంప్లిఫైయర్ "గుంయ్" మని మూలిగింది, పైనున్న చిల్లుల్లోంచి పొగ వచ్చింది. టీవీ ఆగిపోయింది, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు కూడా పోయింది. మర్నాడు లైన్‌మన్ గారు స్తంభం ఎక్కి, న్యూట్రల్ తెగిందని చెప్పి కలిపి వెళ్ళారు.

ఆంప్లిఫైయర్ 1998లో రాజమండ్రిలో చెప్పి చేయించింది. లోపల 12-0-12 (మధ్య తీగ సున్నా, దానికి అటూ ఇటూ 12 వోల్టులు), 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు, 4700 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, ఛానెల్‌కి ఒకటి చొప్పున శబ్దం పెంచే టీడీఏ 2030 ఐసీలు (చిప్పులు) రెండు ఉన్నాయి. మంగళవారం ఒక షాపుకి తీసుకెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని కొత్తది వేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే పాట రాలేదు, హమ్ మాత్రం వచ్చింది. పది నిమిషాలకి మళ్ళీ అదే మాడు వాసన.

నాన్నగారు రోజూ పొద్దున్నే దాంట్లోనే భక్తిపాటలు పెట్టుకుంటారు. ఆయన ఏమీ అనలేదు గానీ, వారం నుంచి పొద్దున లేవగానే ఆ బల్ల వైపు ఓసారి చూసి వెళ్ళిపోతున్నారు. నాకు మల్టీమీటర్ వాడటం వచ్చు, సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. మూడో ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు ఏం చూసుకోవాలో చెప్పండి.

పాతరేడియో_వరంగల్ · శుక్రవారం రాత్రి 9.48

తమ్ముడూ, మూడోది ఇప్పుడే కొనకు. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, ఒక్క మాట అడుగుతా. రెండో ట్రాన్స్‌ఫార్మర్ మాడేదాకా ఫ్యూజు ఏం చేస్తున్నట్టు? ప్లగ్ పీకేసి, వెనకవైపు ఫ్యూజు హోల్డర్ మూత విప్పి చూసి చెప్పు.

కోనసీమ_కుర్రాడు · శుక్రవారం రాత్రి 10.05

చూశానండి. గాజు ఫ్యూజు ఉంది కానీ లోపలి తీగ ఎప్పుడో తెగిపోయినట్టుంది. గాజు గొట్టం మీదుగా ఒక రాగి పోగు ఈ చివర నుంచి ఆ చివరకి వేసి సోల్డర్ పెట్టారు. మామూలు వైరులోంచి లాగిన పోగులాగే ఉంది.

పాతరేడియో_వరంగల్ · శుక్రవారం రాత్రి 10.20

అనుకున్నా. ఆ పోగు ఇంట్లో చాలా పెద్ద కరెంటునే మోస్తుంది, దానికి నీ సెట్టులో షార్ట్ ఒక లెక్క కాదు. అందుకే తెగాల్సింది తెగలేదు, మాడకూడనిది మాడింది. అయితే ఫ్యూజు సరైనది ఉన్నా నీ సెట్టు పనిచేసేది కాదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం దక్కేది. లోపల ఇంకేదో షార్ట్ అయి ఉంది. పోయిన భాగం మార్చేసి, దాన్ని ఏది చంపిందో చూడకుండా కరెంటు ఇవ్వడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

రేపు పగటి వెలుతురులో ఇవి చూడు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, అంటే 12 వోల్టులు ఇచ్చే వైపు, మూడు వైర్లు బోర్డు నుంచి విడదీయి. పెద్ద కెపాసిటర్ల కాళ్ళ మధ్య ఒక 100 ఓముల రెసిస్టర్ కాసేపు పెట్టి ఛార్జి దించు. తర్వాత మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి నాలుగు డయోడ్లూ చూడు. ఒక వైపు 0.5, 0.6 దగ్గర చూపించాలి, తిప్పి పెడితే ఓఎల్ అనాలి, అంటే దారి లేదని. బోర్డులో ఉండగా చూసింది నమ్మొద్దు, ఒక్కో డయోడుకి ఒక కాలు లేపి చూడు. ఆ తర్వాత ఐసీల్లో మూడో పిన్నుకీ అయిదో పిన్నుకీ మధ్య షార్ట్ ఉందేమో చూడు. టీడీఏ 2030లో మూడు మైనస్ సప్లై, అయిదు ప్లస్ సప్లై.

పాలిటెక్నిక్_మేడం · శనివారం ఉదయం 7.30

డిప్లొమా పిల్లలకి ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను కాబట్టి ఆ సాయంత్రం ఏం జరిగిందో వివరిస్తాను. మీటరు పట్టుకునేముందు ఇది తెలిస్తే ఏం పోయి ఉంటాయో ముందే ఊహించవచ్చు.

మన వీధి లైనులో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ స్తంభం దగ్గర తెగితే, తెగిన చోటు నుంచి అవతలి ఇళ్ళన్నీ ఒకదానితో ఒకటి వరుసలో చేరిపోయి ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. సమానంగా పంచుకోవు, అక్కడే ఉంది ప్రమాదం.

ఉదాహరణకి ఒక ఫేజు మీద మీ ఇల్లు, లైటూ ఫ్యానూ ఆంప్లిఫైయరూ కలిపి 100 వాట్ల లోడు అనుకుందాం. అంటే 529 ఓములు. ఇంకో ఫేజు మీద వెనకిల్లు, అక్కడ 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తోంది. అంటే సుమారు 53 ఓములు. 400 వోల్టులు ఈ రెండింటి మధ్య పంచితే మీకు దాదాపు 364, వాళ్ళకి 36. తక్కువ కరెంటు వాడేవాళ్ళ ఇంట్లోనే వస్తువులు కాలుతాయి. మీ లైటు కళ్ళు చెదిరేలా వెలగడం, వాళ్ళది గుడ్డిగా వెలగడం ఒకే తెగిన తీగకి రెండు చివరలు.

ఇప్పుడు ఆంప్లిఫైయర్ లోపలికి వద్దాం. 230కి 12 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 364కి 19 ఇవ్వబోతుంది. దాన్ని డీసీ చేస్తే, కెపాసిటర్లు ఏసీ శిఖరం దాకా నిండుతాయి కాబట్టి, 26 చిల్లర. మీ కెపాసిటర్లు 25 వోల్టులవి. టీడీఏ 2030కి ప్లస్ 18, మైనస్ 18 దాటకూడదు. మామూలు రోజుల్లోనే 12-0-12 మీద అది 17 దగ్గర పనిచేస్తుంటుంది, అంటే ఎప్పుడూ అంచు మీదే ఉంది. కాబట్టి ఐసీలు ముందు పోయి ఉంటాయి, ఆ షార్ట్ కరెంటు మోయలేక డయోడు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. మీరు కొలిచాక ఈ ఊహ తప్పయితే చెప్పండి, దిద్దుకుంటాను.

కోనసీమ_కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 12.15

మేడం, మీరు చెప్పినట్టే ఉంది. అన్నీ కాలు లేపే చూశాను. మొదటి డయోడు 0.54, రెండోది 0.55, నాలుగోది 0.54. మూడోది అటు పెట్టినా ఇటు పెట్టినా 0.00, మీటరు కూత పెడుతోంది. ఎడమ ఛానెల్ ఐసీలో మూడుకీ అయిదుకీ మధ్య పూర్తి షార్ట్. కుడిది బాగానే చూపిస్తోంది. ఒక కెపాసిటర్ నెత్తి ఉబ్బింది, రెండోది చూడటానికి మామూలుగానే ఉంది.

మొదటి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (230 వోల్టుల వైపు చుట్టు) ఓఎల్. రెండోది 21 ఓములు. ఓపెన్ కాలేదు కదా, ఇది పనికొస్తుందా?

పాతరేడియో_వరంగల్ · శనివారం మధ్యాహ్నం 1.02

పనికిరాదు. ఆ సైజు ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రైమరీ 30 ఓములకి అటూ ఇటూగా ఉంటుంది. వేడికి తీగ మీది ఎనామెల్ పూత కరిగి చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మీటరు మీద మంచిగనే ఉన్నట్టు కనిపించేవి కూడా లోపల అంటుకుపోయి ఉంటాయి. ఒక్క చుట్టు షార్ట్ అయినా చాలు, లోపలే తిరిగే కరెంటుతో మొత్తం కాలుతుంది, మీటరులో ఆ తేడా తెలియనే తెలియదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ని మీటరుతో కాదు, సీరీస్ బల్బుతో చూడాలి.

ఒక హోల్డరు, 60 వాట్ల బల్బు, ఒక సాకెట్ తీసుకో. ఫేజు తీగ బల్బులోంచి పోయి సాకెట్‌కి వచ్చేలా కట్టు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు మూడూ విడివిడిగా, దేనికీ తగలకుండా టేపు చుట్టి ఉంచి, ప్రైమరీని ఆ సాకెట్‌లో పెట్టు. మంచిదైతే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది, లేదంటే పిలక, అంటే బల్బు లోపలి తీగ, ఎర్రగా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. షార్ట్ ఉంటే దేదీప్యంగా వెలుగుతుంది. అప్పుడు కూడా ఏమీ కాలదు, ఎందుకంటే 60 వాట్ల బల్బు పావు ఆంపియరుకి మించి పోనివ్వదు.

సోల్డర్_సాయి · శనివారం మధ్యాహ్నం 2.30

అన్నా, ఇంత తతంగం ఎందుకు? డయోడు, ఐసీలు మార్చి, ఫ్యూజు మాత్రం 3 ఆంపియర్లది వేసుకోమనండి. ట్రాన్స్‌ఫార్మర్ 3 ఆంపియర్లదే కదా. చిన్న ఫ్యూజు వేస్తే ఆన్ చేసినప్పుడల్లా పోతుంటుంది, అందుకే జనం రాగి పోగు చుడతారు.

పాలిటెక్నిక్_మేడం · శనివారం మధ్యాహ్నం 3.10

సాయి గారూ, ఈ తేడా గట్టిగానే చెప్పాలి. 3 ఆంపియర్లు సెకండరీ వైపు లెక్క. 24 వోల్టులు, 3 ఆంపియర్లు గుణిస్తే 72 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). అదే 230 వోల్టుల వైపు 0.31 ఆంపియరే. ప్రైమరీలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెడితే నిండు లోడుకి పది రెట్లు. అది తెగేలోపు ట్రాన్స్‌ఫార్మర్ తగలబడుతుంది.

ఆన్ చేసినప్పుడు ఫ్యూజు పోతోందన్న మాట నిజమే. కోర్, అంటే చుట్ల లోపలి ఇనుము, అయస్కాంతం అయ్యేటప్పుడు, ఖాళీ కెపాసిటర్లు నిండేటప్పుడు క్షణకాలం ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి మందు పెద్ద ఫ్యూజు కాదు, నిదానంగా తెగే రకం ఫ్యూజు. దాని లోహపు మూత మీద టి అక్షరం చెక్కి ఉంటుంది, త్వరగా తెగేదాని మీద ఎఫ్ ఉంటుంది. ఇక్కడ అర ఆంపియర్ టి రకం సరిపోతుంది. వీలైతే సెకండరీ రెండు చివరలకీ చెరో 3 ఆంపియర్ల ఫ్యూజు కూడా పెట్టండి. మూడో డయోడులాంటిది షార్ట్ అయితే, దాని జంట డయోడు పనిచేసే ప్రతి అరచక్రంలోనూ 24 వోల్టుల సెకండరీ మొత్తం షార్ట్ అవుతుంది. అప్పుడు మొదట తెగాల్సినవి ఆ ఫ్యూజులే.

సోల్డర్_సాయి · శనివారం సాయంత్రం 4.00

అర్థమైంది మేడం. నేను ఇన్నాళ్ళూ సెకండరీ లెక్కతోనే ప్రైమరీ ఫ్యూజులు వేస్తున్నాను. మా ఇంట్లో రెండు సెట్లున్నాయి, ఈ రాత్రే మారుస్తా.

న్యూజెర్సీ_నుంచి · శనివారం రాత్రి 8.45

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. మా బావ ఇక్కడి నుంచి ఒక స్టీరియో రిసీవర్ హైదరాబాద్ తీసుకెళ్ళి, ప్లగ్ కన్వర్టర్ పెట్టి నేరుగా ఆన్ చేశాడు. రెండు సెకన్లలో పెద్ద హమ్, తర్వాత మౌనం. ఇది కూడా ట్రాన్స్‌ఫార్మరేనా?

వైండింగ్_బెజవాడ · శనివారం రాత్రి 9.20

వెనకవైపు 120 వోల్టులు 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే అవునండి. ప్లగ్ కన్వర్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందంతే, వోల్టేజి మార్చదు. దాదాపు రెట్టింపు వోల్టేజి పడితే కోర్ నిండిపోయి ప్రైమరీ విపరీతంగా కరెంటు లాగుతుంది. మీ బావగారి అదృష్టం బాగుంటే లోపలి ఫ్యూజు ఒక్కటే పోయి ఉంటుంది. ఇంకో సంగతి, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రైమరీ చుట్ల పక్కనే, టేపు కింద థర్మల్ ఫ్యూజు దాచి ఉంటుంది. వాసన లేకుండా ప్రైమరీ ఓపెన్ చూపిస్తే ముందు దాన్ని అనుమానించాలి. బాగైతే 230ని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ మీదే వాడమనండి, సెట్టు వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోమనండి.

కోనసీమ తమ్ముడికి: మాది వైండింగ్ పనే. కాలినదాన్ని మళ్ళీ చుట్టించవచ్చు, కానీ ఈ సైజులో కూలీ, రాగి కలిపితే కొత్తదానికి దగ్గర్లోనే అవుతుంది. కొత్తది కొంటే రెండు చూడండి. ఒకటి, తీగ చివర బ్లేడుతో గీరండి. ఎర్రగా వస్తే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం కావచ్చు. అల్యూమినియం చుట్టి రాగి అని అమ్మేవి ఉన్నాయి, అవి త్వరగా వేడెక్కుతాయి, సోల్డర్ కూడా సరిగ్గా పట్టదు. టంకం పూసిన చివరలుంటే కొంచెం లోపలికి గీరాలి. రెండు, బరువు. ఒకే రేటింగు చెప్పే రెండింటిలో బరువైనది తీసుకోండి.

చుట్టిస్తే లెక్క ఇలా ఉంటుంది. మధ్య స్టాంపింగ్ (కోర్ రేకు) వెడల్పు 32 మిల్లీమీటర్లు, దొంతర మందం కూడా 32 అయితే వైశాల్యం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. 42ని దాంతో భాగిస్తే వోల్టుకి 4.2 చుట్లు. 230కి 966 చుట్లు. మీ పల్లెల్లో అర్ధరాత్రి 250 దాటుతుంది కాబట్టి నేనైతే 250కే లెక్కేసి 1050 చుడతాను. తీగ కలిసొస్తుందని 800 చుట్లతో సరిపెట్టేవాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్లే ఖాళీగా ఉన్నా వేడెక్కి మూలుగుతాయి.

కోనసీమ_కుర్రాడు · ఆదివారం ఉదయం 10.40

సీరీస్ బల్బు కట్టాను కానీ ఏదో తేడాగా ఉందండి. మాడిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, మా మిక్సీ పెట్టినా, బల్బు మిణుకు మిణుకుమంటోంది. 9 వాట్ల బల్బు పెట్టాను.

పాతరేడియో_వరంగల్ · ఆదివారం ఉదయం 10.55

అది ఎల్ఈడీ, తమ్ముడూ. దానితో ఈ పని కాదు. పిలక ఉన్న పాత గాజు బల్బే కావాలి. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ, వెలిగేకొద్దీ పెరిగి 60 వాట్లదానికి 880 ఓముల దాకా పోతుంది. ఆ గుణం వల్లే అది కాపలా కాస్తుంది. కిరాణా కొట్లో అడుగు, కోళ్ళ ఫారాల వాళ్ళ దగ్గర కూడా ఉంటాయి, కోడిపిల్లలకి వెచ్చదనం కోసం పెడతారు.

బోర్డు_బుజ్జి · ఆదివారం మధ్యాహ్నం 12.20

ఎవరూ టీవీ సంగతి ఎత్తలేదు. నేను ఎల్ఈడీ టీవీ పవర్ బోర్డులు బాగుచేస్తాను. ఫ్యూజు పక్కన నీలం రంగు గుండ్రటి బిళ్ళ, 10డీ471 లేదా 14డీ471 అని రాసి ఉన్నది, పగిలిందా? అది ఎంఓవీ. 300 వోల్టుల ఏసీ దాకా ఊరుకుంటుంది, దాటితే తానే షార్ట్ అయి ఫ్యూజును తెంపి బోర్డును కాపాడుతుంది. చాలాసార్లు అదీ ఫ్యూజూ మారిస్తే టీవీ లేస్తుంది. పెద్ద కెపాసిటర్ నెత్తి ఉబ్బినా, మాస్‌ఫెట్ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయినా పని ఎక్కువ.

కానీ తమ్ముడూ, ఆ బోర్డు నువ్వు ముట్టుకోకు. అక్కడ కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసినా నిలిచి ఉండొచ్చు. ఆంప్లిఫైయర్‌లో 17 వోల్టులతో నేర్చుకోవడం వేరు, ఇది వేరు. సెట్‌టాప్ బాక్సుకి మాత్రం కొత్త అడాప్టరు నువ్వే తెచ్చుకో. వోల్టులు అచ్చం అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకి తగ్గకూడదు, పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో బొమ్మ చూసి కొను.

కోనసీమ_కుర్రాడు · బుధవారం సాయంత్రం 6.30

కాకినాడలో పనుండి వెళ్ళి అన్నీ తెచ్చానండి. ట్రాన్స్‌ఫార్మర్ వైరు గీరి చూశాను, రాగే. 60 వాట్ల పిలక బల్బు దొరికింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెడితే బల్బు చిటుక్కున మెరిసి ఆరిపోయింది. మాడినది పెడితే గదంతా వెలుగు. మీటరులో పెద్దగా తెలియని తేడా కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

1ఎన్5408 డయోడ్లు నాలుగూ మార్చాను. కెపాసిటర్లు రెండూ మార్చి ఈసారి 35 వోల్టులవి వేశాను. ఐసీలు రెండూ కొత్తవి. అయినా మొత్తం కలిపి సీరీస్ బల్బు మీద పెడితే బల్బు పూర్తిగా వెలుగుతోంది! వెంటనే తీసేశాను. డయోడ్లు మళ్ళీ చూశాను, అన్నీ బాగున్నాయి. ఏం చేయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది.

పాతరేడియో_వరంగల్ · బుధవారం సాయంత్రం 6.42

భయపడకు, బల్బు ఉంది కాబట్టి ఏమీ పోయి ఉండదు. పాత ఐసీలు విప్పేటప్పుడు వాటి వీపుకీ అల్యూమినియం పలకకీ మధ్య పల్చటి మైకా ముక్క, స్క్రూకి చిన్న ప్లాస్టిక్ వాషరు ఉన్నాయా? వాటిని తిరిగి పెట్టావా?

కోనసీమ_కుర్రాడు · బుధవారం సాయంత్రం 6.58

గాజు పొరలాంటివి రెండు ఉన్నాయండి, తెల్లటి పేస్టు ఎండిపోయి అంటుకుని ఉన్నాయి. తీస్తుంటే ఒకటి విరిగింది. అవసరం లేదేమో అనుకుని రెండూ తీసేసి నేరుగా బిగించాను.

పాలిటెక్నిక్_మేడం · బుధవారం రాత్రి 7.15

దొరికింది. టీడీఏ 2030 వీపున ఉన్న లోహపు రేకు లోపల మూడో పిన్నుకి, అంటే మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మీ పలక ఆంప్లిఫైయర్ డబ్బాకి బిగించి ఉంటుంది, డబ్బా సున్నా వోల్టులకి కలిసి ఉంటుంది. మైకా తీసేసరికి మైనస్ 17 నేరుగా సున్నాకి షార్ట్ అయింది. కొత్త మైకాలు, వాషర్లు పెట్టి, రెండు వైపులా హీట్ సింక్ కాంపౌండ్ పల్చగా రాయండి. బిగించాక ఐసీ రేకుకీ డబ్బాకీ మధ్య మీటరు కూత పెట్టకూడదు. అది చూశాకే కరెంటు.

కోనసీమ_కుర్రాడు · శుక్రవారం రాత్రి 8.20

పాడుతోందండి!

మైకాలు పెట్టాక మీటరు కూత లేదు. సీరీస్ బల్బు మీద ఆన్ చేస్తే ఒక్క మెరుపు మెరిసి, నెమ్మదిగా తగ్గి, పిలక ఎర్రటి దారంలా మిగిలింది. కెపాసిటర్ల మీద ప్లస్ 16.1, మైనస్ 16.0. స్పీకర్లు పెట్టకముందే రెండు ఛానెళ్ళ అవుట్‌పుట్‌లో డీసీ చూశాను, 20 మిల్లీవోల్టులు దాటలేదు. బల్బు తీసి నేరుగా పెడితే ప్లస్ 17.2, మైనస్ 17.2. అర ఆంపియర్ టి ఫ్యూజు నిలబడింది. రెండు గంటలు పాడించాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది.

రాగి పోగు చుట్టిన ఆ పాత ఫ్యూజు నాన్నగారి చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. తర్వాత మోటారు షెడ్డులో ఫ్యూజు కూడా నేనే ఇలా చుట్టాను రా, అది కూడా తీసెయ్యి అన్నారు. రేపు పొద్దున్నే ఆ పని.

టీవీ షాపులో ఇచ్చాను. బుజ్జి గారు చెప్పినట్టే నీలం బిళ్ళ పగిలిందట, అదీ ఫ్యూజూ మార్చగానే వచ్చింది.

వైండింగ్_బెజవాడ · శుక్రవారం రాత్రి 8.50

చాలా సంతోషం తమ్ముడూ. మళ్ళీ న్యూట్రల్ పోతే ఎలా అన్నది మిగిలింది. మీటరు తర్వాత, ఇంట్లోకి వచ్చే చోట ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించండి. 270 దగ్గర సెట్ చేస్తే క్షణంలో ఆపేస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. లైట్లు ఒక్కసారిగా ప్రకాశం పెంచుకున్నా, ఒక గదిలో ఎక్కువ, ఇంకో గదిలో తక్కువ అయినా ఆలోచించకుండా మెయిన్ ఆపి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. తెగిన తీగ కింద పడి ఉంటే ఎవర్నీ దగ్గరికి వెళ్ళనివ్వకండి.

కోనసీమ_కుర్రాడు · శనివారం ఉదయం 6.40

అలాగేనండి, సోమవారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నారు. పాతరేడియో అన్నా, మోటారు షెడ్డులో చూశాను, అక్కడ ఒకటి కాదు, మూడు పోగులు మెలేసి ఉన్నాయి. 5 హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు. దానికి ఏ ఫ్యూజు తీగ వేయాలో చెప్తారా? ఇక్కడ పాటలు వినబడుతున్నాయి, నాన్నగారు అప్పుడే లేచారు.

పాతరేడియో_వరంగల్ · శనివారం ఉదయం 7.05

మోటారుకి లెక్క వేరు, స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉందో లేదో కూడా చూడాలి. నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు ఎన్ని రాశారో చూసి, వేరే చర్చగా పెట్టు. అక్కడ మాట్లాడదాం.